అల్పపీడనం అంటున్నారు, పత్తి ఏరించాలా ఆగాలా?

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా పర్వతగిరి ప్రాంతం. రెండెకరాల నల్లరేగడిలో జూన్ రెండో వారంలో పెట్టిన పత్తికి కింది కాయలు పగిలాయి. ఇంకో రెండెకరాల చెల్కలో జూలై నడుమ పెట్టింది పూత, కాయ మీదుంది, యూరియా వేయాల్సిన టైమ్. ఎకరం మొక్కజొన్న కోతకొచ్చింది. పోయిన వారం వాన అంటే మందు కొట్టడం ఆపాను, మా ఊళ్లో చుక్క పడలేదు. ఇప్పుడు బంగాళాఖాతంలో అల్పపీడనమట, ఐదు రోజులు ‘కొన్ని చోట్ల మోస్తరు, ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు’ అంటున్నారు. ఈసారైనా నమ్మాలా?

జవాబు: ముందు పగిలిన పత్తి ఏరించండి. కూలీలు దొరికితే రేపే మొదలుపెట్టండి. వాన రాకపోయినా మీకు పోయేదేమీ లేదు, ఎలాగూ ఏరాల్సిందే. వస్తే మాత్రం చెట్టు మీది దూది తడిసి, రంగు మారి, గుడ్డి పత్తి అవుతుంది.

మంచు ఆరాక, అంటే పొద్దున తొమ్మిదిన్నర, పది తర్వాతే చేనులో దిగండి. కిలో లెక్కన ఏరేవాళ్లు తూకం కోసం సగం పగిలిన కాయల్లోంచి కూడా దూది లాగుతుంటారు, దగ్గరుండి చూసుకోండి. ప్లాస్టిక్ సంచులు వద్దు, గుడ్డ సంచులే వాడండి. పురుగు తిన్నదీ తడిసినదీ వేరే కుప్ప పెట్టండి. తడి పత్తి కలిస్తే సంచిలో మంచి పత్తి కూడా పాడవుతుంది. సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రంలో 8 శాతం తేమ ఉంటేనే పూర్తి ధర. ఆపైన 12 దాకా కోత పెడతారు, 12 దాటితే కొనరు. ఇంట్లో ఒక రోజు పలుచగా ఆరబోస్తే ఆ తేడా మీ చేతికే వస్తుంది.

ఇక నమ్మకం సంగతి. పోయిన వారం మీకు చుక్క పడకపోయినా ఆ సూచన తప్పని చెప్పలేం. వాతావరణ శాఖ ‘ఒకటి రెండు చోట్ల’ అన్నదంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పాతిక శాతం లోపే వాన నమోదవుతుందని లెక్క. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం, ‘చాలా చోట్ల’ అంటే 51 నుంచి 75. అంటే ఈసారి కూడా ఏ రోజుకారోజు మీ ఊరిని వాన తప్పించుకుపోయే అవకాశం కనీసం సగం ఉంది. భారీ వర్షం అయితే నాలుగూళ్లలో ఒక ఊరికి కూడా గ్యారంటీ లేదు. టీవీలో రాష్ట్రం మొత్తానికి చెప్పే మాట కాకుండా మంగళ, శుక్రవారాల్లో వచ్చే జిల్లా వ్యవసాయ వాతావరణ బులెటిన్ చూడండి, మేఘదూత్ యాప్‌లో తెలుగులో ఉంటుంది. అందులోనూ మొదటి రెండు రోజుల సూచన మీద ఆధారపడినంతగా నాలుగు, ఐదు రోజుల సూచన మీద ఆధారపడొద్దు.

అల్పపీడనం ఒడిశా వైపు పోతుందిలే అనుకుని ధీమాగా ఉండొద్దు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను తీరం దాటింది కళింగపట్నం దగ్గరైనా మర్నాటి నుంచి తడిసింది తెలంగాణ. నైరుతి రుతుపవనాలు వెనక్కి పోవడం మామూలుగా రాజస్థాన్‌లో సెప్టెంబర్ 17 ప్రాంతంలో మొదలవుతుంది, మన దాకా వచ్చేసరికి అక్టోబర్ నడుమ అవుతుంది. హస్త, చిత్త కార్తెల్లో ఇలాంటి వానలు మనకు కొత్త కాదు. ఉత్త ఉరుముల వానైతే మధ్యాహ్నం మూడు దాటాక మొగులు పట్టి, గంట కొట్టి పోతుంది, పొద్దుటి పని సాగుతుంది. అల్పపీడనం వాన అట్లా కాదు, రాత్రంతా కూడా పడొచ్చు.

అందుకే నల్లరేగడిలో ఇవాళే కాలువలు తీయించండి. సెంటీమీటరు వాన పడితే ఎకరం మీద నలభై వేల లీటర్ల నీళ్లు పడ్డట్టు. భారీ వర్షం అనే మాట 6.45 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. అంటే ఎకరానికి రెండున్నర లక్షల లీటర్లు, అన్ని నీళ్లను రేగడి అంత తొందరగా పీల్చుకోలేదు. పది పన్నెండు సాళ్లకు ఒక సాలు లోతుగా తీసి, వాలు వైపు గట్టు తెంచి పెట్టండి.

చెల్కలో యూరియా ఈ ఐదు రోజులు ఆపండి. విత్తిన 80 రోజులకు వేసే మోతాదు వారం ఆలస్యమైతే పంట దెబ్బతినదు, కొట్టుకుపోతే మాత్రం డబ్బు పోయినట్టే. వాన వెలిశాక, పదునులో, పొటాష్‌తో కలిపి మొక్క మొదలుకు దూరంగా వేయండి. గులాబీ రంగు పురుగు మందు కూడా అంతే. ముందు ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో లాగేవి) పెట్టండి. వరుసగా మూడు రోజులు, రోజుకు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడితేనే మందు గురించి ఆలోచించండి.

మొక్కజొన్న మీద నా మాట మీ పక్క రైతులకు నచ్చకపోవచ్చు. కంకులు విరిచి కల్లంలో కుప్ప పోసే తొందర వద్దు. కంకి కిందికి వాలి, పొట్టు మూసుకుని ఉంటే నీళ్లు జారిపోతాయి, చెట్టు మీదే భద్రం. పరదా కింద పచ్చి కుప్పలోనే బూజు పడుతుంది. చేను పడిపోయేలా ఉంటేనో, ఇప్పటికే విరిచి ఉంటేనో మాత్రం పలుచగా పరిచి, రాత్రికే పరదా కప్పండి.

వాన వెలిసి ఎండ కాయగానే రేగడి పత్తిలో కొన్ని మొక్కలు ఉన్నట్టుండి వడలొచ్చు. బెట్ట తర్వాత నీళ్లు నిలిచినప్పుడు వచ్చే ఆకస్మిక వడలు అది, తెగులు కాదు. షాపులో శిలీంధ్ర మందు అంటగడితే తీసుకోకండి. నీళ్లు తీసేసి, కోబాల్ట్ క్లోరైడ్ 1 గ్రాము 100 లీటర్ల నీటికి కలిపి ఆ రోజే పిచికారీ చేయాలి, మొక్క ఎండిపోయాక ఉపయోగం లేదు. మిగతా చేనుకు లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) కొట్టండి. గూడ (మొగ్గ) రాలడం తగ్గి తేరుకుంటుంది.

ఇంకోటి. ఏరే రోజుల్లో ఉరుము వినపడితే కూలీలను చెట్టు కిందికి పోనివ్వకండి, సంచులు అక్కడే వదిలేసి ఇంటికి పంపేయండి. దామిని యాప్ ఫోన్లో ఉంటే పిడుగుల హెచ్చరిక ముందే వస్తుంది.