ఆర్‌టీఎక్స్ 3060 బెంచ్‌మార్క్ స్కోరు బాగానే ఉంది, మరి గేమ్‌లో జెర్క్‌లు ఎందుకు?

మీ సిస్టమ్ రైజెన్ 5 3600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, కొత్త ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. టైమ్ స్పై అనే బెంచ్‌మార్క్‌లో (పీసీ వేగాన్ని కొలిచే పరీక్షలో) స్కోరు అందరికీ వచ్చినంతే వచ్చింది. సైబర్‌పంక్ 2077 గేమ్‌లో సగటున 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) చూపిస్తున్నా, కారు నడుపుతుంటే పట్టి పట్టి ఆగుతోంది, కార్డు పాడైందా అని అడిగారు.

నాకైతే కార్డు మీద అనుమానం లేదు. టైమ్ స్పై గ్రాఫిక్స్ టెస్టుల్లో భారమంతా కార్డు మీదే ఉంటుంది. అక్కడ స్కోరు సరిగ్గా వచ్చిందంటే కార్డు తన పని తాను చేస్తున్నట్టే.

అసలు చూడాల్సింది ఫ్రేమ్ టైమ్, అంటే ఒక్కో ఫ్రేము రావడానికి పట్టే సమయం. ఒక సెకనులో 59 ఫ్రేములు ఒక్కోటి 13 మిల్లీసెకన్లలో వచ్చేసి, మిగిలిన ఒక్క ఫ్రేము 233 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. లెక్క ప్రకారం అది 60 ఎఫ్‌పీఎస్సే. మీ కంటికి మాత్రం పావు సెకను బొమ్మ ఆగిపోయింది! 2011లో ద టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్‌లో స్కాట్ వాసన్ ఇలా ఫ్రేమ్ టైమ్‌తో కార్డులను పరీక్షించి చూపించాడు. ఇప్పుడు మంచి రివ్యూలన్నిటిలోనూ సగటు పక్కన '1% లో' (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్) కూడా ఇస్తున్నారంటే ఆ దారిలో వచ్చిందే. ఆ అంకెను లెక్కగట్టే పద్ధతి ఒక్కో టూల్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఒక టూల్ ఫలితాన్ని ఇంకో టూల్ ఫలితంతో పోల్చకండి.

ఫ్రేమ్ టైమ్ రికార్డు చేయడానికి నేను క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే టూల్ వాడతాను, ఉచితమే. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఫ్రేమ్ లిమిట్ ఆపేసి, మీకు ఇబ్బంది వచ్చే రోడ్డు మీదే ఒక నిమిషం కారు నడిపి రికార్డు చేయండి. గేమ్‌లో ఇచ్చిన బెంచ్‌మార్క్ సరిపోదు, వేగంగా వెళ్తున్నప్పుడు నగరం లోడయ్యే భారం దానిలో అంతగా పడదు. మొదటి రన్ వదిలేసి, తర్వాతి మూడు చూడండి. కార్డు వేడెక్కాకే మొదలుపెట్టండి, వేడి పెరిగేకొద్దీ బూస్ట్ క్లాక్ (కార్డు తనంతట తాను పెంచుకునే వేగం) కొంచెం కొంచెంగా దిగుతుంది. మా విజయవాడలో మే నెల మధ్యాహ్నం తీసిన ఫలితాన్ని డిసెంబరు రాత్రి తీసినదాంతో నేనైతే పోల్చను.

రికార్డయ్యేటప్పుడు జీపీయూ (కార్డులోని చిప్) వాడకం కూడా గమనించండి. 97, 98 శాతం దగ్గరే ఉంటే కార్డు పూర్తిగా పనిచేస్తోంది. జెర్క్ వచ్చినప్పుడల్లా 70కో 60కో పడిపోతోందంటే, ప్రాసెసరో ర్యామో దానికి సరుకు అందించలేకపోతోంది. రిజల్యూషన్ 720పీకి దించినా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే ఇక అనుమానమే అక్కర్లేదు.

మా తమ్ముడి పీసీలో అచ్చం ఇదే లక్షణం. 16 జీబీ మొత్తం ఒకే ర్యామ్ స్టిక్‌లో ఉంది (రెండు స్టిక్‌లుంటే డేటా వేగంగా అందుతుంది), ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) కూడా ఆఫ్‌లో ఉంది. అదే రకం స్టిక్ ఇంకోటి కొని, మాన్యువల్‌లో చెప్పిన స్లాట్లలో పెట్టి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాం. సగటు పెరిగింది కొంచెమే. ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్‌లో సూదుల్లా పైకి లేచే గీతలు మాత్రం చాలావరకు పోయాయి, వాడికి కావాల్సింది కూడా అదే.

మీ 16 జీబీ ఒకే స్టిక్కా, రెండా? టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు వాడుతున్నారో, ఏ స్పీడో కనిపిస్తాయి. 3200 స్పీడ్ ర్యామ్ కొని అక్కడ 2133 అనో 2400 అనో ఉంటే ముందు ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. కార్డు వాపసు ఇచ్చే సంగతి ఆ తర్వాత చూద్దాం.