మేనమామ క్యాసెట్ గురించి రాసే ముందు

తమ్ముడూ,

ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీ మాట వింటుంది, ఆ దిగులక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. చిన్నప్పుడు విన్నది, మొన్న ఫోన్‌లో విన్నది, నెట్‌లో చదివింది మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇలాంటి వ్యాసంలో చదివించే సరుకు మొదటి రెండిటి మధ్య తేడాలోనే ఉంటుంది. అది కనబడాలంటే రెండూ విడివిడిగా నీ చేతికి రావాలి.

ఈమధ్య ఒక్కసారే విన్నానన్నావు కాబట్టి ఇంకా మించిపోలేదు. ఆల్బమ్ ముట్టుకోకుండా ముందు ఒక కాగితం తీసుకో. ఏ పాట తర్వాత ఏది, ఏది ఎలా మొదలవుతుంది, ఎక్కడ భయమేసేది, ఎక్కడ విసుగొచ్చేది, గుర్తున్నదంతా రాయి. ఇరవై నిమిషాలు చాలు. తప్పుల్ని దిద్దకు, ఆ తప్పులే నీకు పనికొచ్చేవి. పైన తేదీ వేసి పక్కన పెట్టు. ఈ పని ముందే ఎందుకు చెయ్యాలంటే, నాలుగైదు సార్లు మళ్ళీ విన్నాక కొత్త వినికిడి పాతదాని మీద కూర్చుంటుంది. తర్వాత ఎంత తవ్వినా పాతది పైకి రాదు.

ఒక ఉదాహరణ చెప్తాను. ‘టైమ్’ గురించి “గడియారాలు మోగగానే పాట అందుకుంటుంది” అని రాశావు. రికార్డు పెట్టి చూడు. గంటలు ఆగాక గిటార్ బరువుగా ఒక్కో దెబ్బ వేస్తుంది, వాటి మధ్య డ్రమ్మర్ నిక్ మేసన్ రోటోటామ్‌లు, అంటే శ్రుతి మార్చుకోగల చిన్న డ్రమ్ములు, మోగుతాయి. మొదటి మాట వినపడేసరికి దాదాపు రెండున్నర నిమిషాలవుతుంది. ఆ వాయింపంతా నీ జ్ఞాపకంలో లేదు. సిగ్గుపడాల్సిందేం లేదు, అక్కడే నీకొక పేరా దొరికింది. పిల్లాడి చెవి దేన్ని ఉంచుకుంది, దేన్ని వదిలేసింది? రాయి. ఆ గడియారాల్ని ఇంజనీర్ అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో ఒక్కోదాన్నీ విడిగా రికార్డు చేశాడు. అదీ ఈ పాట కోసం కాదు, నాలుగు స్పీకర్ల క్వాడ్రఫోనిక్ సౌండ్ ఎలా ఉంటుందో చూపించడానికి. ఈ సంగతి అదే పేరాలో పడితే బావుంటుంది. నువ్వేమో దాన్ని ‘ఆసక్తికర విశేషాలు’ అనే మూటలో కట్టి చివర పడేశావు.

ఇక నువ్వు అప్పుడు విన్నది ఏ వస్తువు మీద? మీ మేనమామ కాపీ చేయించి ఇచ్చిన సి-90 క్యాసెట్ అని ఒక్క ముక్క చెప్పి దాటేశావు. సి-90లో ఒక్కో వైపు 45 నిమిషాలు. ఈ ఆల్బమ్ దాదాపు 43. అంటే మొత్తం ఒకే వైపు పట్టేస్తుంది. ఎల్పీలో ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ దగ్గర మొదటి వైపు అయిపోతుంది. లేచి వెళ్ళి రికార్డు తిరగేస్తేనే ‘మనీ’లో చిల్లర గలగలలు. ఎల్పీ విన్నవాళ్ళకి అక్కడ ఒక విరామం తప్పదు. నీకు ఆ విరామం లేదు. ‘గ్రేట్ గిగ్’లోని ఆడగొంతు సన్నగిల్లిన మరుక్షణమే నీ చెవిలో డబ్బు మోగింది. వేరే అనుభవం అది, నీ వ్యాసానికి సొంతమైనది.

టేప్ రికార్డర్ సంగతి కూడా కనుక్కో. ఒకే స్పీకరున్నదా, స్టీరియో సెట్‌లా రెండున్నవా? ఒక్కటే అయితే ‘ఆన్ ద రన్’లో శబ్దం ఎడమ నుంచి కుడికి పరుగెత్తడం నువ్వు అప్పుడు వినే అవకాశమే లేదు. మరి వ్యాసంలో “చిన్నప్పుడు ఆ శబ్దం నా తల చుట్టూ తిరిగింది” అని ఎలా రాశావు? అది మొన్నటి ఇయర్‌ఫోన్స్ అనుభవం, పన్నెండేళ్ళ కుర్రాడికి అంటగట్టావు. టేపును చదివే హెడ్ ఒరిగి ఉంటే ట్రెబుల్, అంటే సన్నటి శబ్దాలు, పోయి పాటంతా దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. మోటారు నూటికి మూడు వంతులు జోరుగా తిరిగితే 43 నిమిషాలది 42 లోపే ముగుస్తుంది. శ్రుతి కూడా షడ్జమం నుంచి శుద్ధ రిషభానికి ఉన్న దూరంలో సగం దాకా పైకి జరుగుతుంది. ఇప్పుడు వింటే “ఏదో నీరసంగా ఉంది” అన్నావే, కారణం అదే కావచ్చు. ఆ క్యాసెట్, ఆ టేప్ రికార్డర్ ఇంకా ఉంటే ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా నడిపి గడియారం చూడు, తేలిపోతుంది. ముందు పెన్సిల్ పెట్టి రీలు నెమ్మదిగా తిప్పు. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరకు పొర అంటుకుని ఉంటే ప్లేయర్ నమిలేస్తుంది.

ఫోన్‌లో వినేటప్పుడు షఫుల్, క్రాస్‌ఫేడ్, ఆటోప్లే మూడూ ఆపు. పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకుండా గ్యాప్‌లెస్ పెట్టుకో. ఈ ఆల్బమ్‌లో ఒక పాట తోక ఇంకో పాట తలలో ఉంటుంది, అర సెకను మౌనం వచ్చినా అతుకు తెగుతుంది. శబ్దం చుట్టూ వినిపించేలా చేసే డాల్బీ అట్మాస్ ఆపేసి స్టీరియోలోనే విను. రీమాస్టర్ అని ఉంటే ఫర్వాలేదు, అది 1973 నాటి మిక్స్‌నే మళ్ళీ శుభ్రం చేసింది. 2003లో ఇంజనీర్ జేమ్స్ గత్రీ చేసిన 5.1 (ఆరు స్పీకర్లకు చేసింది) గానీ ఆ తర్వాతి అట్మాస్ గానీ వేరే మిక్సులు, వాయిద్యాల ఎచ్చుతగ్గులు మారిపోతాయి. వాటి మీద “ఇది చిన్నప్పుడు వినలేదే!” అని ఆశ్చర్యపోతే ఆ ఆశ్చర్యానికి విలువ లేదు.

మొదటిసారి కలం లేకుండా విను, మధ్యలో లేవకుండా. మర్నాడు నిమిషాలు, సెకన్లు వేసుకుంటూ విను. ఒక పక్క వినబడ్డది, ఇంకో పక్క నీ పాత కాగితంలో ఉన్నది. మూడోసారి మొత్తం వద్దు. రెండు నిమిషాల ముక్క ఒకటి ఎంచుకుని దాన్నే తిప్పి తిప్పి విను. వ్యాసంలో మూడో వంతు ఆ ముక్కకే ఇవ్వు. పది పాటలకూ తలా ఒక పేరా పంచావు చూడు, కేటలాగ్ చదువుతున్నట్టుంది.

నన్నడిగితే ‘మనీ’ మధ్య భాగం తీసుకోమంటాను. నువ్వు రాసింది: “ఆ గిటార్ సోలో నన్ను మరో లోకానికి తీసుకెళ్ళింది.” ఏ పాటలో ఏ గిటార్‌కైనా సరిపోయే వాక్యమది. బల్ల మీద వేలితో కొడుతూ లెక్కపెట్టు. మొదట్లో చిల్లర గలగల, కాగితం చింపిన చప్పుడు, క్యాష్ రిజిస్టర్ ఖణేలు. ఒక్కో చప్పుడున్న టేపును స్కేలుతో కొలిచి, సమానంగా కోసి, అతికించి చుట్టలా తిప్పారు. ముక్కలు ఏడు, దెబ్బలు ఏడు. బేస్ గిటార్ ఆ ఏడు మీదే ఎక్కుతుంది. డిక్ ప్యారీ శాక్సఫోన్ కూడా ఏడు మీదే. మూడు నిమిషాలు దాటాక డేవిడ్ గిల్మర్ గిటార్ రాగానే లెక్క నాలుగుకు మారి పాట పరుగందుకుంటుంది. ఆ సోలో నడుమ ఒకచోట ప్రతిధ్వని అంతా తీసేసినట్టు గిటార్ పొడిగా, చెవి పక్కనే వాయిస్తున్నట్టు వినబడుతుంది. కాసేపటికి మళ్ళీ నిండుగా విరుచుకుపడుతుంది. ఇవన్నీ చెప్తే ‘మరో లోకం’ అవసరమే రాదు. ఏడు అనగానే మన కర్ణాటక తాళం మిశ్ర చాపు అని పేరు పెట్టి వెళ్ళిపోకు. మూడూ నాలుగుగా విరిగే ఆ నడక ఇక్కడ నీకు నిజంగా వినిపిస్తేనే రాయి.

‘గ్రేట్ గిగ్’లో పాడినామెకు పేరు కూడా పెట్టలేదు నువ్వు. క్లేర్ టోరీ. ఆదివారం రికార్డింగ్, 30 పౌండ్ల కూలి. చాలాకాలం ఆ పాట కూర్పు కీబోర్డు వాయించిన రిక్ రైట్ ఒక్కడి పేరు మీదే ఉండేది. ఆమె 2004లో కోర్టుకెక్కాక, 2005లో రాజీ కుదిరి ఆమె పేరూ చేరింది. కాబట్టి ఎక్కడైనా ఎల్పీయో సీడీయో కనబడితే, అది ఎప్పటిదో అట్ట మీద ఆ ఒక్క వరుస చూసి కొంత చెప్పొచ్చు.

అమెరికా ఆల్బమ్‌ల చార్టులో 1988 నాటికే 741 వారాలు ఉందన్న సంగతి తీసెయ్, అందరూ రాసేదే. ‘ద విజార్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాతో కలిపి చూస్తే సరిపోతుందన్న కథా వద్దు. పాటల మాటలు వరసగా ఎత్తి రాయకు. హక్కుల గొడవ అటుంచి, అవి నీ వాక్యాన్ని మింగేస్తాయి. భావం తెలుగులో చెప్పు, చాలు. ‘ఆన్ ద రన్’ ఇప్పుడు విసుగనిపిస్తే విసుగనే రాయి. నాకూ అది ఒక సింథసైజర్ పెట్టె సత్తా చూపించడానికి చేసినట్టే ఉంటుంది. ఇష్టమైన ఆల్బమ్‌లో ప్రతి పాటనూ వెనకేసుకు రావాల్సిన పనిలేదు.

ఇంకొక్కటి. మాటలన్నీ రాసిన రోజర్ వాటర్స్ 1943లో పుట్టాడు. 1973 మార్చిలో ఆల్బమ్ వచ్చేనాటికి ముప్పై నిండలేదు. కాలం చేజారిపోయిందని ‘టైమ్’లో వాపోయేది ఆ వయసువాడే. నువ్వు పన్నెండేళ్ళప్పుడు అతణ్ణి ముసలివాడనుకున్నావేమో, నీ కాగితంలో వెతుకు.

రెండో ప్రతి పంపేటప్పుడు ఒక సంగతి కచ్చితంగా కనుక్కుని రాయి. ఆల్బమ్ అయిపోయాక ఎ సైడ్‌లో ఇంకా రెండు నిమిషాల టేపు మిగులుతుంది. మీ మేనమామ అందులో ఏం నింపాడు, బి సైడ్‌లో ఏముంది? చివరి గుండె చప్పుడు సన్నగిల్లగానే ఇళయరాజా పాట పల్లవి ఒకటి మొదలై సగంలో తెగిపోయేదయితే, దాన్ని మొదటి పేజీలోనే పెట్టు.