హాజరు పట్టికలో 80 సంతకాలు, నిర్ణయం మాత్రం ఒక్కరిది

విదేశీ సాయంతో నడిచే అభివృద్ధి కార్యక్రమాల్లో ప్రజల పాత్ర, సంస్థల మధ్య ఒప్పందాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మేం ఒక తాగునీటి కార్యక్రమం నడుపుతున్నాం. ప్రతి గ్రామంలో సభ పెట్టాం, హాజరు పట్టికలు, ఫొటోలు నివేదికకు జతచేశాం. అయినా నిధులిచ్చిన సంస్థ 'ప్రజల భాగస్వామ్యం బలహీనంగా ఉంది' అని రాసింది. ఇంకేం చూపించమంటారు?

హాజరు పట్టిక ఎంతమంది వచ్చారో చెబుతుంది. వాళ్లు రావడం వల్ల ఏం మారిందో చెప్పదు. మీకు నిధులిచ్చినవాళ్లు అడుగుతున్నది ఆ రెండోదే.

అమెరికా విధాన నిపుణురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. కింది రెండు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదు. తర్వాతి మూడూ సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం, నోరు మూయించడానికి కమిటీలో ఓ కుర్చీ వేయడం. ఆరో మెట్టు నుంచే జనానికి నిర్ణయంలో వాటా మొదలవుతుంది. చాలా కార్యక్రమాలు నాలుగో మెట్టు మీద నిలబడి, నివేదికలో ఆరో మెట్టు అని రాసుకుంటాయి.

ఫొటోలు పక్కనపెట్టి ఒక పట్టిక తయారుచేయండి. అందులో ముఖ్యమైన నిర్ణయాలు మాత్రమే రాయండి: బోరు ఎక్కడ వేయాలి, ఏ రకం పంపు, పని ఎవరికి ఇవ్వాలి, బిల్లు చెల్లించవచ్చని ఎవరు చెప్పాలి, నెల చందా ఎంత. ఒక్కొక్క దానికి ఎదురుగా మీరు మొదట ప్రతిపాదించింది, సభలో జనం అన్నది, చివరికి ఖాయమైంది, జనం మాట నెగ్గకపోతే అందుకు కారణం రాయండి. అన్ని వరుసల్లోనూ మొదటి గడి, మూడో గడి ఒకేలా ఉంటే తప్పు సభలో జరగలేదు, అంతకు ముందే జరిగింది. డిజైన్, బడ్జెట్ ఖాయమైపోయాక పెట్టిన సభలో జనం చేయగలిగింది తల ఊపడమే. తర్వాతి ప్రతిపాదనలో కొంత మొత్తాన్ని 'గ్రామం నిర్ణయించే పనులకు' అని విడిగా అడగండి. సభలు ముగిశాక డిజైన్ మార్చుకోవడానికి గడువు కూడా అడగండి. డబ్బు ఉండి గడువు లేకపోతే ఆ విడి మొత్తం చివరి నెలలో హడావిడిగా ఖర్చైపోతుంది.

ప్రశ్న: మా కమిటీలో సగం మంది మహిళలే. కానీ సభలో నోరు విప్పరు. శిక్షణ ఇచ్చినా మార్పు లేదు. ఏం చేయాలి?

శిక్షణ ఇవ్వాల్సింది వాళ్లకే అని ఎందుకు అనుకుంటున్నారు? ముందు సభను చూడండి. ఏ వేళకు పెడుతున్నారు, ఎవరి గుమ్మం ముందు పెడుతున్నారు, మొదట ఎవరు మాట్లాడుతున్నారు? మహిళలతో కూర్చుని, లేచింది మొదలు పడుకునే దాకా వాళ్లు చేసే పనులు గంటల వారీగా రాయించండి. పురుషులతో విడిగా అదే చేయించండి. రెండూ పక్కపక్కన పెడితే సభకు పనికొచ్చే వేళ ఏదో తెలిసిపోతుంది. అది సాధారణంగా మీ సిబ్బందికి అనువైన వేళ కాదు.

తర్వాత పెద్ద సభకు ముందే మహిళలతో చిన్న బృందంగా, 8 నుంచి 12 మందితో, విడిగా సమావేశం పెట్టండి. అందులో జతల వారీగా పోల్చే పద్ధతి వాడండి. సమస్యలను బొమ్మలుగా ముక్కల మీద గీయించి, రెండేసి ముక్కలు ముందు పెట్టి 'ఈ రెంటిలో ముందు ఏది తీరాలి, ఎందుకు?' అని అడగాలి. ఆరు సమస్యలుంటే 15 పోలికలు వస్తాయి, పది ఉంటే 45. పోలికలు ఇరవై దాటితే జనం విసిగిపోయి నోటికొచ్చింది చెబుతారు. కాబట్టి సమస్యలను ముందే వడపోసి ఆరుకు తగ్గించండి. 'ఎందుకు' అన్నదానికి వచ్చిన జవాబే అసలు సమాచారం, మార్కులు కావు. చాలామంది మార్కులు రాసుకుని కారణాలు వదిలేస్తారు.

నేల మీద గ్రామ పటం గీయించేటప్పుడు కర్ర మీ చేతిలో ఉండకూడదు. గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ వంటివారు దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన మాటే ఇది: కర్ర వాళ్ల చేతికిచ్చి, మీరు పక్కకు జరగండి. ఒక్కరే కర్ర పట్టుకుని వదలకపోతే మూడు నాలుగు కర్రలు ఇవ్వండి. మహిళలు తేల్చిన క్రమాన్ని పెద్ద సభలో వాళ్లలో ఒకరు మొట్టమొదట చదవాలి. గ్రామపెద్ద మాట్లాడాక చదివితే దాని బలం పోతుంది.

ఇంకొకటి పదవుల సంగతి. 'సభ్యురాలు' అనే పదవికి పని ఉండదు. కోశాధికారి పదవి ఇవ్వండి. బ్యాంకు ఖాతా మీద ఆమె సంతకం తప్పనిసరి చేయండి. డబ్బు కదలాలంటే ఆమెను అడగాల్సి వచ్చినప్పుడు ఆమె మాట దానంతటదే వినబడుతుంది. ఖాళీ చెక్కుల మీద ముందుగానే సంతకాలు పెట్టించుకోవడం ఇక్కడ జరిగే మామూలు మోసం. చెక్కు పుస్తకాన్ని నెలకోసారి తెరిచి చూడండి.

ప్రశ్న: ప్రజల వాటాగా డబ్బు తీసుకోవాలా, శ్రమదానమా? వాటా కడితే 'ఇది మాది' అనే భావన వస్తుందంటారు, నిజమేనా?

కొంత నిజం. కానీ ఒకసారి వాటా కట్టినంత మాత్రాన పదేళ్ల మరమ్మతు నడవదు. చేతిపంపులు ఆగిపోయేది జనానికి మమకారం లేక కాదు. విడిభాగం దొరకదు, దొరికినా కొనడానికి ఖాతాలో డబ్బుండదు, శిక్షణ పొందిన మెకానిక్ పనికోసం ఊరు వదిలి ఉంటాడు. ఈ మూడింటినీ ముందే చూసుకోవాలి.

పంపు ఎంపికలోనే సగం పని ఉంది. ఇండియా మార్క్ 2లో సిలిండర్ లోపలి వాషర్లు మార్చాలంటే ఇనుప పైపులన్నీ పైకి లాగాలి. అందుకు ప్రత్యేక పనిముట్లు, నలుగురైదుగురు మనుషులు కావాలి. ఆఫ్రిదేవ్ పంపులో పైపులను కదపకుండా రాడ్లు, పిస్టన్ మాత్రమే పైకి తీసి సీళ్లు మార్చవచ్చు. కొద్దిపాటి పనిముట్లతో గ్రామంలోవాళ్లే చేసుకోగలరు. అయితే అది సుమారు 45 మీటర్ల లోతు వరకే పనికొస్తుంది. నీరు అంతకంటే లోతున ఉంటే కమిటీ ఎంత గట్టిదైనా ఆ సౌకర్యం ఉండదు, బయటి మెకానిక్‌తో ఒప్పందం రాసుకోవాల్సిందే.

చందా లెక్క ఇలా వేయండి. ఏడాదికి పట్టే సీళ్లు, బేరింగుల ఖర్చు, మెకానిక్ కూలి, రాకపోకల ఖర్చు ఒకచోట వేయండి. దానికి రాడ్లు, పైపుల లాంటి పెద్ద భాగాల ధరను వాటి ఆయుష్షుతో భాగించి కలపండి. వచ్చిన మొత్తాన్ని 12 నెలలకు, ఆపైన కుటుంబాలకు పంచండి. 100 కుటుంబాలుంటే 100తో కాదు, నిజంగా కట్టేవాళ్లతో, ఉదాహరణకు 70తో భాగించాలి. ఈ ఒక్క చోటే చాలా కమిటీల లెక్క తప్పుతుంది. కట్టలేని కుటుంబాలకు మినహాయింపు ఎవరికో పేర్లతో సభలోనే తేల్చండి.

శ్రమదానం విషయంలో జాగ్రత్త. రోజు కూలీ మీద బతికేవాడు రెండు రోజులు గొయ్యి తవ్వితే రెండు రోజుల తిండి పోతుంది. భూమి ఉన్నవాడు తన బదులు కూలివాణ్ని పంపి చేతులు దులుపుకుంటాడు. పత్రాల్లో ఇద్దరి వాటా సమానం. శ్రమ తీసుకుంటే కోతలు, నాట్ల కాలం కాకుండా చూడండి, నిరుపేదలకు కూలి ఇవ్వండి.

ప్రజలు ఎంతవరకు మోయగలరో కరాచీలోని ఓరంగి అనే పేదల బస్తీలో జరిగిన ప్రయోగం బాగా చూపించింది. అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో మొదలుపెట్టిన ఆ కార్యక్రమంలో 20 నుంచి 40 ఇళ్ల వీధి ఒక యూనిట్. ఇంట్లో మరుగుదొడ్డి, వీధి మురుగు పైపు, వాటిని కలిపే ద్వితీయ కాలువ ప్రజలే తమ డబ్బుతో వేసుకున్నారు. సంస్థ కొలతలు, డిజైన్, పనిముట్లు, సలహా ఇచ్చింది. పెద్ద కాలువలు, శుద్ధి కేంద్రాలు మాత్రం ప్రభుత్వ బాధ్యతగా ఉంచారు. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియకే ఇతర చోట్ల ఇలాంటివి దెబ్బతింటాయి. వీధి చివరి దాకా పైపు వేసి, దాన్ని కలపడానికి పెద్ద కాలువ లేకపోతే మురుగు పక్క వీధిలోకి పోతుంది.

ప్రశ్న: మాది చిన్న స్థానిక సంస్థ. ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ 'భాగస్వామ్య ఒప్పందం' పంపింది. సంతకం చేసేముందు ఏం చూడాలి?

పేరు భాగస్వామ్యమే ఉంటుంది, లోపల మాత్రం చాలాసార్లు ఉప కాంట్రాక్టే. తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ప్రతిపాదన రాసేటప్పుడు మిమ్మల్ని పిలిచారా, నిధులు వచ్చాక పిలిచారా?

డబ్బు ఎప్పుడు వస్తుందో మొదట చూడండి. ముందస్తుగా ఇస్తారా, మీరు ఖర్చు చేశాక తిరిగి చెల్లిస్తారా? రెండో పద్ధతి అయితే కనీసం మూడు నాలుగు నెలల జీతాలు మీ చేతి నుంచి పెట్టుకోగలరా? లేకపోతే సంతకం చేయకండి, లేదా మొదటి విడత ముందుగా ఇవ్వాలని రాయించండి. బడ్జెట్ విదేశీ కరెన్సీలో ఉంటే మారకపు రేటు పడిపోయినప్పుడు నష్టం ఎవరిదో కూడా ఒప్పందంలోనే ఉండాలి.

రెండోది ఓవర్‌హెడ్. అద్దె, అకౌంటెంట్, ఆడిట్, కరెంటు ఏ ఒక్క కార్యక్రమానికీ చెందవు, కానీ లేకుండా ఏదీ నడవదు. ఐరోపా యూనియన్ విదేశీ సాయం గ్రాంట్లలో ఇందుకు ప్రత్యక్ష ఖర్చు మీద 7 శాతం వరకు అనుమతిస్తారు. మధ్యలో ఉన్న పెద్ద సంస్థ ఆ మొత్తాన్ని తానే ఉంచుకుని, పని చేసే చిన్న సంస్థకు సున్నా ఇవ్వడం మామూలు. 'మీ పని విలువకు తగ్గట్టు ఓవర్‌హెడ్‌లో మా వాటా' అని లిఖితపూర్వకంగా అడగండి, మొహమాటం వద్దు.

మూడోది, దాత పెద్ద సంస్థకు పెట్టిన నిబంధనలు మీ దాకా కిందికి దిగుతాయి. 'ప్రధాన ఒప్పందంలోని షరతులన్నీ వర్తిస్తాయి' అనే ఒక్క వాక్యం ఉండి, ఆ ప్రధాన ఒప్పందం మీకు ఇవ్వకపోతే, చూడని కాగితం మీద సంతకం చేస్తున్నట్టే. ఆడిట్‌లో ఏదైనా ఖర్చు తిరస్కరిస్తే మీరు సొంత డబ్బు వెనక్కి కట్టాలి. కొనుగోళ్లకు ఎన్ని కొటేషన్లు, రసీదులు ఎన్నేళ్లు దాచాలి అన్నవి ముందే తెలుసుకోండి. వాహనాలు, కంప్యూటర్లు చివరికి ఎవరివి, గ్రామాల్లో సేకరించిన సమాచారం ఎవరిది, ముందే ఆపేస్తే సిబ్బందికి ఎన్ని రోజుల నోటీసు అన్నవీ చదవండి.

2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా సదస్సులో పెద్ద దాతలు, సంస్థలు 'గ్రాండ్ బార్గెయిన్' అనే ఒప్పందం పేరుతో, 2020కల్లా మానవతా సాయం నిధుల్లో కనీసం 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు చేరాలని ఒప్పుకున్నాయి. ఆ గడువు దాటింది, లక్ష్యం చేరలేదు. అయినా బేరమాడేటప్పుడు ఆ మాట గుర్తుచేయడంలో తప్పు లేదు.

ప్రశ్న: సంప్రదింపు, సమ్మతి ఒకటేనా?

కాదు. సంప్రదింపులో మీరు అడుగుతారు, జనం చెబుతారు, నిర్ణయం మీది. సమ్మతి అంటే వాళ్లు 'వద్దు' అనే అవకాశం కూడా ఉండాలి. ఆదివాసీల హక్కులపై 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన స్వేచ్ఛగా, ముందుగా, విషయం తెలిసి ఇచ్చే సమ్మతి గురించి చెబుతుంది. యంత్రాలు దిగాక తీసుకున్నది 'ముందుగా' కాదు. వాళ్ల భాషలో నష్టాలు చెప్పకుండా తీసుకున్నది 'విషయం తెలిసి' కాదు.

ప్రశ్న: ఫిర్యాదుల పెట్టె పెట్టి ఏడాదైంది, ఒక్క చీటీ రాలేదు. జనం సంతృప్తిగా ఉన్నట్టేనా?

పెట్టె ఎక్కడ తగిలించారు? కమిటీ అధ్యక్షుడి అరుగు మీదైతే జవాబు దొరికినట్టే. రాయడం రానివాళ్లకు పెట్టె గోడ లాంటిదే. కనీసం రెండు దారులుండాలి: ఒకటి మాటతో చెప్పేది, రెండోది గ్రామం బయటికి నేరుగా వెళ్లేది. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో బోర్డు మీద రాయండి, వచ్చిన ఫిర్యాదు ఏమైందో పేర్లు లేకుండా తర్వాతి సభలో చెప్పండి. మొదటి ఫిర్యాదుకు జవాబు రాకపోతే రెండోది రాదు. సాయం పేరుతో సిబ్బంది చేసే లైంగిక వేధింపులను మాత్రం ఈ దారిలో కలపకూడదు. వాటికి వేరే వ్యక్తి, వేరే ఫోను, గోప్యత ఉండాలి. గ్రామ కమిటీకి అవి అసలు చేరకూడదు.

ప్రశ్న: లెక్కలు బహిరంగ సభలో చదివితే అవినీతి ఆగుతుందా, ఆడిట్ కావాలా?

దీనికి ఇండోనేషియాలో చక్కటి పరీక్ష జరిగింది. ప్రపంచ బ్యాంకు సాయంతో గ్రామాలు రోడ్లు వేసుకునే కార్యక్రమంలో ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ 608 గ్రామాల్లో చేసిన ఈ పరిశోధన 2007లో వెలువడింది. రోడ్లు తవ్వి నమూనాలు తీసి, ఎంత రాయి, ఇసుక పడిందో అంచనా వేసి పుస్తకంలో రాసిన ఖర్చుతో పోల్చారు. ప్రభుత్వ ఆడిట్ తప్పక వస్తుందని ముందే చెప్పిన గ్రామాల్లో మాయమైన ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. మామూలుగా ఆడిట్ జరిగే అవకాశం 4 శాతమే. ఎక్కువమందిని లెక్కల సభకు పిలిచిన గ్రామాల్లో మాత్రం మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. కూలి డబ్బులో దొంగతనం తగ్గింది, సామగ్రిలో తగ్గలేదు.

కారణం ఊహించవచ్చు. కూలి ఎవరి జేబుకు రావాలో వాళ్లకు తెలుసు, రాకపోతే అడుగుతారు. రోడ్డు కింద ఎన్ని లారీల రాయి ఉందో సభలో కూర్చున్న ఎవరికీ తెలియదు. కాబట్టి ఆడిట్‌ను మానకండి, సభకు చదివే లెక్కను మార్చండి. 'సామగ్రి ఖర్చు ఇంత' అని చదివితే ప్రయోజనం లేదు. ఎన్ని లోడ్ల రాయి, ఎన్ని బస్తాల సిమెంటు, ఏ తేదీన దిగింది అని పని జరుగుతున్నన్నాళ్లూ ఆ చోటే బోర్డు మీద రాయించండి. లోడు దిగినప్పుడు లెక్కపెట్టి సంతకం చేయడానికి గ్రామం ఎంచుకున్న ఇద్దరిని పెట్టండి. ఆ ఇద్దరూ సరఫరాదారు బంధువులు కాకూడదు, వాళ్ల రోజు కూలి బడ్జెట్‌లోనే చూపించండి.