కొత్త కెమెరా కొనబోతున్న మేనకోడలికి

చి. సౌ. సుజాతకు, మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు కానన్ కెమెరాల (ఆర్8, ఆర్10, ఆర్50) పేర్లూ, "ఏది కొనమంటావు మామయ్యా?" అన్న ప్రశ్నా చేరాయి. జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది, కాకపోతే కాస్త లోపల ఉంది. కెమెరా మార్చాలని అడిగేవాళ్లందరికీ నేను ముందు ఒక పని చెబుతాను: చెడిపోయిన ఫోటోలన్నీ ఒకచోట పెట్టుకుని చూడమంటాను. నువ్వు పాత ఫోల్డరు మొత్తం పంపేశావు కాబట్టి ఆ పని నేనే చేశాను. యూట్యూబ్ రివ్యూలు ఎన్ని చూసినా అవి తీసినవాళ్ల అవసరాల గురించే చెబుతాయి. నీకేం తక్కువైందో తెలియాలంటే నువ్వు డిలీట్ చేయబోయిన ఫోటోల్నే అడగాలి.

ముందు చిన్నదాని కూచిపూడి ప్రోగ్రాం. ముఖం పర్వాలేదు, చేతులు మాత్రం అలికేసినట్టు వచ్చాయి. ఫోటో వివరాలు తెరిచి చూస్తే షట్టర్ స్పీడు (వెలుతురును లోపలికి రానిచ్చే సమయం) 1/30 సెకను, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) 5.6, ఐఎస్ఓ (వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలన్న అంకె) 6400. నాట్యం చేసే పిల్లకు 1/30 ఎక్కడ సరిపోతుందమ్మా? కనీసం 1/250 కావాలి. అక్కడ తక్కువైంది వెలుతురు. నీ పాత కెమెరా 1500డీతో వచ్చిన కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గరికి జూమ్ చేసేసరికి 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. అదే 1.8 అపర్చర్ ఉన్న 50 ఎంఎం లెన్స్ పెడితే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. అంటే అదే హాల్లో, అదే ఐఎస్ఓతో, 1/30 బదులు 1/300 దొరుకుతుంది.

నీ లిస్టులో మొదటి పేరు ఆర్8 ఎందుకుందో నాకు తెలుసు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్, అంటే వెలుతురును పట్టే పెద్ద పలక ఉన్న కెమెరా) అంటే చీకట్లో కూడా బాగా వస్తుందని ఎవరో చెప్పుంటారు. అబద్ధం కాదు. దాని సెన్సర్ వైశాల్యం నీ పాత కెమెరా సెన్సర్‌కు సుమారు రెండున్నర రెట్లు. కానీ దాంతో ఇచ్చే 24-50 కిట్ లెన్స్ 50 దగ్గర 6.3కి పడిపోతుంది. పెద్ద సెన్సర్ ఇచ్చినదాంట్లో కొంత ఆ లెన్స్ వెనక్కి తీసేసుకుంటుంది. ఫుల్‌ఫ్రేమ్‌కు డబ్బంతా పోసి, లెన్స్ దగ్గర చేతులు ముడుచుకున్నవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల ఫోటోలు మారవు, ఈఎంఐ మాత్రం వస్తుంది.

ఇంకో చిక్కుంది. నీ దగ్గరున్న 18-55, 55-250 రెండూ చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్సులు. అడాప్టర్‌తో (మధ్యలో పెట్టే రింగుతో) ఆర్8కి తగిలించవచ్చు, ఫోకస్ కూడా మామూలుగానే పనిచేస్తుంది. కానీ కెమెరా సెన్సర్ మధ్యభాగాన్నే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెళ్లలో చేతికొచ్చేది తొమ్మిది చిల్లర. ఉన్న లెన్సులు పనికిరాకుండా చేసే కెమెరాను అప్‌గ్రేడ్ అని నేను అనలేను.

ఇక శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు కట్టే పక్షులు. ఇక్కడ మాత్రం తప్పు నీ పాత కెమెరాదే, నీది కాదు. చింతచెట్ల మీద కూర్చున్న ఎర్రకాళ్ల కొంగలు చక్కగా వచ్చాయి. గూడబాతు రెక్క విప్పి లేచిన ప్రతిసారీ ఫోకస్ వెనక కొమ్మ మీదికి పోయింది. 1500డీలో ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, అవీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. సెకనుకు మూడు ఫోటోలు తీస్తుంది. కూర్చున్న పక్షికి అది చాలు, ఎగిరే పక్షికి చాలదు. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు పక్షి కన్నును పోల్చుకుని, ఫ్రేమ్‌లో అది ఎటు కదిలితే అటు ఫోకస్‌ను తీసుకెళతాయి. మేం చేత్తో ఫోకస్ రింగు తిప్పుకుంటూ తీసిన రోజుల్లో ఇలాంటిది ఉంటుందని ఎవడైనా చెబితే నవ్వేవాళ్లం. కాబట్టి బాడీ మార్చాలన్న నీ కోరిక న్యాయమైనదే. అల్లుడుగారికి ఈ పేరా చదివి వినిపించు.

పక్షులకు చిన్న సెన్సర్ ఇంకో మేలు కూడా చేస్తుంది. నీ 250 ఎంఎం లెన్స్ దానిమీద ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 400 చూపించేంత దగ్గరగా చూపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో అంత దగ్గరగా కావాలంటే నిజంగానే 400 ఎంఎం లెన్స్ కొనాలి, మోయాలి.

అరకు, భీమిలి ఫోటోల గురించి చెప్పడానికేమీ లేదు, బాగున్నాయి. సముద్రం ఒకవైపు ఒరిగిపోయి ఉండటం తప్ప. కొత్త కెమెరా వ్యూఫైండర్‌లో లెవెల్ గీత వస్తుంది, ఆన్ చేసుకో.

ఇంత చూశాక మిగిలినవి ఆర్10, ఆర్50. రెండూ చిన్న సెన్సర్‌వే, రెండూ 24 మెగాపిక్సెళ్లే, రెండూ పక్షి కన్నును పట్టుకుంటాయి. ఆర్50 చిన్నది, తేలిక, ధర తక్కువ. ఇంట్లో పిల్లల్నీ, ప్రయాణాల్నీ తీసుకునేవాళ్లకు అదే చెబుతాను. నువ్వు పక్షుల వెంట పడే మనిషివి కాబట్టి నీకు ఆర్10. కారణం చేతివేళ్లకు సంబంధించింది. ఆర్10లో రెండు డయళ్లు ఉన్నాయి. ఒక వేలితో షట్టర్ స్పీడు, ఇంకో వేలితో ఎక్స్‌పోజర్, కన్ను వ్యూఫైండర్ నుంచి తీయకుండా మార్చుకోవచ్చు. ఫోకస్ పాయింట్‌ను జరపడానికి బొటనవేలి దగ్గర చిన్న జాయ్‌స్టిక్ ఉంది. ఆర్50లో డయల్ ఒక్కటే, జాయ్‌స్టిక్ లేదు. పక్షి లేచేది ఒక్క క్షణం. ఆ క్షణంలో మెనూలు వెతుక్కుంటూ కూర్చోకూడదు.

ఒక లోటు కూడా తెలిసి కొనుక్కో. ఆర్10 బాడీలో షేక్‌ను ఆపే స్టెబిలైజేషన్ లేదు. అది కావాలంటే ఆర్7కి పోవాలి. మంచి కెమెరానే, కానీ ఆ తేడా డబ్బును నీ విషయంలో నేనైతే లెన్స్‌లో పెడతాను.

నా లెక్క ఇది. ఆర్10 బాడీ మాత్రమే తీసుకో, కిట్ లెన్స్ వద్దు. పాత ఈఎఫ్ రకం లెన్సుల్ని కొత్త ఆర్ఎఫ్ రకం బాడీకి తగిలించే కానన్ వాళ్ల అడాప్టర్ ఒకటి తీసుకుంటే నీ పాత లెన్సులు రెండూ వాడుకోవచ్చు. ఆర్ఎఫ్ 50 ఎంఎం 1.8 ఒకటి కొను. దానికి అడాప్టర్ అక్కర్లేదు, బరువు 160 గ్రాములే. వచ్చే ఏడాదికి కూడా పక్షుల సరదా తగ్గకపోతే అప్పుడు ఆర్ఎఫ్ 100-400 గురించి మాట్లాడుకుందాం. ఈ ఏడాది దాని రివ్యూలు చూడకు.

బడ్జెట్‌లో జనం మర్చిపోయే చిల్లర ఖర్చులు కొన్నున్నాయి. నీ పాత బ్యాటరీలు దీనికి పట్టవు. పైగా మిర్రర్‌లెస్‌లో వ్యూఫైండర్ కూడా ఒక తెరే, అది బ్యాటరీని తినేస్తుంది. పాత కెమెరాలో ఒక బ్యాటరీతో రోజు గడిచిపోయేది, ఇందులో రెండోది తప్పదు. ఒరిజినలే కొను. కార్డు కూడా మంచిది కావాలి. ఈ కెమెరా మెకానికల్ షట్టర్‌తోనే సెకనుకు 15 ఫోటోలు తీస్తుంది, పాత కార్డు అంత వేగంగా రాసుకోలేదు. ఇంకోటి, దీని రా ఫైళ్లు (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే ఫోటోలు) సీఆర్3 అనే కొత్త రకం. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత సాఫ్ట్‌వేర్ వాటిని తెరవకపోవచ్చు. కంగారుపడి సబ్‌స్క్రిప్షన్లు కట్టకు, కానన్ వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

షాపుకి వెళ్లేటప్పుడు నీ 55-250 పట్టుకెళ్లు. అడాప్టర్‌తో తగిలించమని అడిగి ఐదు నిమిషాలు కంటి దగ్గర పెట్టుకుని నిలబడు. చిటికెనవేలు గ్రిప్ మీద ఆనుతోందా, కళ్లజోడుతో వ్యూఫైండర్ నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా చూసుకో. షాపువాడు విసుక్కున్నా పర్లేదు, డబ్బులు మనవి. బ్యాగు, ట్రైపాడ్, కార్డు ఫ్రీ అంటాడు. ఆ ట్రైపాడ్ గాలికి పడిపోయే రకమే అయ్యుంటుంది. అవన్నీ వద్దని ధర తగ్గించమను, కొందరు తగ్గిస్తారు. జీఎస్టీ బిల్లు మీదున్న సీరియల్ నంబరూ, పెట్టె మీదిదీ, కెమెరా మీద ఉన్నదీ ఒకటేనా చూడు. ఇండియా వారంటీ లేకుండా బయటినుంచి తెచ్చిన బాడీలు తక్కువకు వస్తాయి, రిపేరు వచ్చిన రోజున ఆ తక్కువంతా ఎక్కువైపోతుంది. తొందరేమీ లేదు, దసరా ఆఫర్ల దాకా ఆగినా పక్షుల సీజన్‌కి నీకు టైముంటుంది.

సెకండ్ హ్యాండ్ లెన్సులు చూస్తానన్నావు. చూడు, తప్పులేదు. కాకపోతే టార్చిలైటు పట్టుకెళ్లు. లెన్స్‌కి ఒకవైపు నుంచి లైటు వేసి రెండోవైపు నుంచి చూస్తే, ఫంగస్ ఉంటే సాలెగూడు దారాల్లా తెల్లగా కనిపిస్తుంది. మన విశాఖ, విజయనగరం గాలిలో తేమకి అది మామూలే. నీ ఇంట్లో కూడా బీరువాలో, లెదర్ సంచిలో పెట్టకు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న తేమ మీటరు. మీటరు 40 శాతానికీ 50 శాతానికీ మధ్య చూపిస్తే చాలు. బీచ్‌లో లెన్స్ మార్చవద్దు. మిర్రర్‌లెస్‌లో అద్దం అడ్డు ఉండదు, లెన్స్ తీయగానే సెన్సర్ కనిపిస్తుంది, ఉప్పు గాలి నేరుగా దానిమీదికే పోతుంది. ఏసీ కారులోంచి ఉక్కలోకి దిగగానే కెమెరా బయటికి తీస్తే లెన్స్ మీద చెమ్మ కమ్ముతుంది, ఓ అరగంట బ్యాగులోనే ఉండనియ్యి.

కొన్నాక మొదటి నెల పాత లెన్సులు ముట్టుకోకు. 50 ఒక్కటే పెట్టుకుని ఇంట్లో, వీధిలో, రైతు బజారులో తిరుగు. జూమ్ లేదు కాబట్టి నువ్వే ముందుకీ వెనక్కీ నడవాలి. మొదటి వారం చిరాకేస్తుంది, తర్వాత అదే అలవాటైపోతుంది. మెనూ మొత్తం చదవాలని కూర్చోకు. ఆటో ఐఎస్ఓ పెట్టి పై హద్దు 12800 ఇవ్వు. నాట్యానికి షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ స్పీడు నువ్వు పెట్టి మిగతాది కెమెరాకి వదిలే పద్ధతిలో) 1/250. ఎగిరే పక్షికి 1/2000, ఫోకస్ సర్వోలో (కదిలేదాన్ని వెంటాడే పద్ధతిలో), గుర్తించాల్సింది జంతువులు అని పెట్టు, పక్షులూ అందులోనే. అంతే.

హాల్లో టిక్కుటిక్కు చప్పుడు వస్తోందని సైలెంట్ షట్టర్‌కు మార్చాలనిపిస్తుంది. మార్చకు. ఆ షట్టర్ సెన్సర్‌ను పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. స్టేజీ ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోకి అడ్డంగా చారలొస్తాయి, పక్షి రెక్కలైతే వంకరపోతాయి. మామూలు షట్టర్‌తో కూడా కొన్ని హాళ్లలో ఒక ఫోటో వెలుతురుగా, ఇంకోటి మసగ్గా వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే కెమెరా ఆ మినుకును చూసుకుని తీస్తుంది.

ఇవన్నీ జాగ్రత్తలు. అసలు సరదా ఎక్కడుందో చెప్తాను. తెల్లటి ఆకాశం ముందు గూడబాతును తీస్తే నీ పాత ఫోటోల్లో అది నల్లముద్దలా వచ్చింది. కెమెరా ఆకాశాన్ని చూసి వెలుతురు ఎక్కువైందనుకుంది. ఇప్పుడు ఆ నలుపు వ్యూఫైండర్‌లో ముందే కనిపిస్తుంది. వెనక డయల్‌ను ప్లస్ వైపు తిప్పుతూ ఉంటే నీ కళ్లముందే రెక్కల ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా తేలతాయి. ఎక్కడ ఆపాలో నీ ఇష్టం. మేం రోల్ కడిగించుకుని వచ్చేదాకా ఈ సంగతి తెలిసేది కాదు. ఆ డయల్‌తో ఆడుకో, వేరే ఏ ఫీచర్‌నైనా తర్వాత చూసుకోవచ్చు.

15 ఫోటోల స్పీడు మాత్రం అన్నివేళలా వాడకు. ఒక్క ఉదయానికి వేల ఫైళ్లు పోగవుతాయి, సాయంత్రమంతా అవి ఏరుకోవడానికే సరిపోతుంది, వారం తిరిగేసరికి కెమెరా మీదే విసుగొస్తుంది. పక్షి లేవడానికి ముందు ఒళ్లు కాస్త ముందుకు వంచుతుంది. అది చూసి నొక్కు, రెండు సెకన్లు చాలు. తేలినీలాపురంలో ఫోటో కోసం గూళ్ల కిందికి పోవద్దు. అక్కడి ఊరివాళ్లు ఆ పక్షుల్ని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, తిట్టినా న్యాయమే.

పాత కెమెరాను అమ్ముతానన్నావు. వచ్చేది ఎంతో రాదు. చిన్నదాని చేతిలో పెట్టు, కిట్ లెన్స్‌తో సహా. దాని ఫోటోలు చెడిపోతే నీలాగే అదీ నాకు పంపుతుంది.

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఎలాగూ ఇక్కడికి వస్తారు కదా, కెమెరా తెచ్చుకో. ఆ జనంలో పెద్ద లెన్స్‌తో పనిలేదు, ఆ ఒక్కరోజుకి చిన్నదాని దగ్గర 18-55 తీసుకుంటే చాలు, ఊరేగించే మాను అంత ఎత్తు కాబట్టి కెమెరా నిలువుగా పట్టుకోవాలి. ఈలోగా తీసినవి పంపు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది సగం పిండేస్తుంది, డాక్యుమెంటుగా పంపు. అక్కకి నా నమస్కారాలు చెప్పు, ఆవకాయ జాడీ ఖాళీ అయిందని కూడా చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య