జిజియా రసీదు, సుల్తానుల కొలువులో వైద్యుడు

ప్రశ్న: ముస్లింల పాలనలో యూదులు హాయిగా బతికారని ఒక వాట్సాప్ సందేశం, పదమూడు వందల ఏళ్లు నరకం చూశారని ఇంకొకటి. రెండూ మా బంధువుల గ్రూపులో ఒకే రోజు వచ్చాయి. మా బావగారు మొదటిదాన్ని, మా తమ్ముడు రెండోదాన్ని పట్టుకుని మాటలు మానుకున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వాళ్లిద్దరికీ రాజీ కుదర్చడం నా వల్ల కాదు గాని, ఒకే మనిషి కథ ఇద్దరికీ వినిపించి చూడండి. ఆయన పేరు మోషే బెన్ మైమోన్. లోకం మైమోనిడీస్ అంటుంది. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కొర్దోబాలో పుట్టాడు. ఆ ఊళ్లో అంతకు రెండు వందల ఏళ్ల ముందే హస్దాయ్ అనే యూదు వైద్యుడు ఖలీఫాకు రాయబారిగా చక్రం తిప్పాడు. 1148లో మొరాకో నుంచి వచ్చిన అల్మొహద్‌లు అనే ముస్లిం పాలకులు కొర్దోబాను పట్టుకున్నారు. పాత ఏర్పాట్లన్నీ రద్దయ్యాయి. ఇక యూదులైనా క్రైస్తవులైనా మతం మారాలి, లేదా ఊరు విడవాలి, కాదంటే చావాలి. మైమోన్ కుటుంబం ఊరు విడిచి ఏళ్ల తరబడి తిరిగి, చివరకు అదే అల్మొహద్‌ల ఏలుబడిలోని ఫెజ్ నగరం చేరింది. అక్కడ వాళ్లు పైకి ముస్లింలుగా నటించారా లేదా అన్నది పండితుల మధ్య నేటికీ తేలని వివాదం. 1165లో అక్కడి నుంచీ బయలుదేరి పాలస్తీనా మీదుగా ఈజిప్టు చేరారు.

ఇక్కడ బావగారు చెవి పెట్టాలి. కైరో పక్కనున్న ఫుస్తాత్‌లో స్థిరపడిన ఈ కాందిశీకుడు కొన్నేళ్లకే యూదులకు పెద్ద అయ్యాడు, ఈజిప్టు సుల్తాను సలాదిన్ మంత్రి అల్ ఫాదిల్‌కు వైద్యుడయ్యాడు. ఇంతలో స్పెయిన్ నుంచి వచ్చిన ఒకడు ‘ఈయన అక్కడ ఇస్లాం పుచ్చుకున్నవాడు, ఇక్కడ మళ్లీ యూదుడయ్యాడు’ అని ఫిర్యాదు చేశాడట. రుజువైతే తల పోయే నేరం. బలవంతంగా మార్చిన మతం చెల్లదని చెప్పి మంత్రి ఆ ఫిర్యాదును కొట్టేశాడని అల్ కిఫ్తీ అనే చరిత్రకారుడు రాశాడు. ఒకే మతం, ఒకే ధర్మశాస్త్రం. కొర్దోబాలో కొంప ముంచింది, కైరోలో ప్రాణం నిలిపింది.

ఆ శాస్త్రం ప్రకారం యూదులు, క్రైస్తవులు జిమ్మీలు, అంటే ముస్లిం పాలకుడి రక్షణలో ఉండే పరమతస్థులు. ప్రాణానికి, ఆస్తికి, పూజకు రక్షణ ఉంటుంది. బదులుగా జిజియా అనే తలపన్ను కట్టాలి. కొత్త ప్రార్థనాలయం కట్టకూడదు, ఆయుధం పట్టకూడదు, గుర్రమెక్కకూడదు, వేరుగా తెలిసే బట్టలు వేసుకోవాలి. 850లో బాగ్దాద్ ఖలీఫా ముతవక్కిల్ తేనెరంగు పైబట్ట వేసుకోవాలని హుకుం జారీ చేశాడు. ఈ నియమాలు కొన్నిచోట్ల కాగితం దాటలేదు, కొన్నిచోట్ల వీపు మీద మోగాయి. ఏది ఎప్పుడన్నది సింహాసనం మీద కూర్చున్నవాడిని బట్టి.

మామూలు జనం సంగతి ఫుస్తాత్ చెత్తకాగితాలు చెబుతాయి. దేవుడి పేరున్న కాగితాన్ని పారెయ్యకూడదని అక్కడి బెన్ ఎజ్రా ప్రార్థనాలయంలో ఒక గదిలో పడేస్తూ వచ్చారు. ఉత్తరాలు, పద్దులు, పెళ్లి ఒప్పందాలు వందల ఏళ్లపాటు అందులో పేరుకున్నాయి. 1896–97లో షెక్టర్ అనే పండితుడు సుమారు 1,93,000 ముక్కలు కేంబ్రిడ్జికి చేర్చాడు. నాకు వందమంది సుల్తానుల శాసనాలకంటే ఈ కుప్ప మీదే నమ్మకం ఎక్కువ. ముస్లింలు, యూదులు, క్రైస్తవులు ఒకే ఇంట్లో వాటాలుగా ఉన్నారని, యూదులు తమ న్యాయస్థానం ఉండగా ఖాజీ దగ్గరికి కూడా ఇష్టపడే వెళ్లేవారని ఇందులో తెలుస్తుంది. జిజియా కట్టలేక దాక్కున్నవాళ్లు, జైలుపాలైనవాళ్లు కూడా ఇందులోనే కనిపిస్తారు. పన్ను కట్టిన రసీదు వెంట లేకపోతే ఊరు దాటడం కష్టం. శాస్త్రం నిరుపేదకు మినహాయింపు ఇచ్చింది, వసూలుదారు ఇవ్వలేదు. పేదల పన్ను కోసం యూదులు తమలో తాము చందాలు వేసుకునేవారు.

మైమోనిడీస్ దగ్గరికే మళ్లీ వస్తాను. 1172 ప్రాంతంలో యెమెన్‌లో ఒక పాలకుడు యూదులను బలవంతంగా మతం మారుస్తుంటే, వాళ్లకు ధైర్యం చెబుతూ ఈయన ఉత్తరం రాశాడు. ఇష్మాయేలు సంతతి, అంటే అరబ్బులు, పెట్టినన్ని బాధలు మమ్మల్ని ఇంకెవరూ పెట్టలేదన్నాడందులో. ఆ యెమెన్ పాలకుడిని కూలదోసింది ఎవరనుకున్నారు? సలాదిన్ సొంత అన్న. 1199లో రాసిన మరో ఉత్తరంలో తన దినచర్య చెప్పుకున్నాడు: పొద్దున్నే కైరోలో కొలువుకు వెళ్లి, మధ్యాహ్నం ఆకలితో ఇంటికొచ్చేసరికి నడవా నిండా రోగులు, యూదులూ ఇతరులూ కలిసి. చేతులు కడుక్కుని, కాస్త తిననివ్వమని వాళ్లను బతిమాలి, రాత్రి అలసటతో పడుకునే వైద్యం చెప్పేవాడట. అన్నట్టు, ఇంటిని పోషించిన ఆయన తమ్ముడు దావీదు మన దేశానికి వ్యాపారానికి వస్తూ హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఆ దుఃఖంతో ఏడాదిపాటు మంచం పట్టానని ఆయనే రాసుకున్నాడు.

యూదులకు దొరికింది అభయం. అభయం ఇచ్చినవాడు వెనక్కి తీసుకోగలడు. ‘యూరప్‌కంటే నయం’ అని బావగారు అంటారు. చాలా కాలం వరకు ఆ మాట నిజమే. 1492లో స్పెయిన్ వెళ్లగొట్టినవాళ్లను ఒట్టోమన్ సుల్తాను రెండో బాయజీద్ రానిచ్చాడు, మరుసటి ఏడాదే వాళ్లు ఇస్తాంబుల్‌లో అచ్చుయంత్రం పెట్టారు. అయితే పక్కింటివాడికంటే తక్కువ కొట్టాననడం మంచితనానికి రుజువు కాదని తమ్ముడు అంటే, అదీ నిజమే.

ప్రశ్న: ఇజ్రాయెల్ ఏర్పడింది కాబట్టే అరబ్బు దేశాల యూదులు వెళ్లిపోయారు కదా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: అంత సులువుగా తేల్చకండి. బాగ్దాద్ చూడండి. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఆ నగర జనాభాలో దాదాపు మూడో వంతు యూదులే. 1921లో ఇరాక్ ఆర్థికమంత్రి సాసూన్ ఎస్కెల్ యూదుడు. 1941 జూన్ 1, 2 తేదీల్లో అక్కడి అల్లరిమూకలు సుమారు 180 మంది యూదులను చంపాయి. అప్పటికి ఇజ్రాయెల్ లేదు. నాజీల ప్రచారం, బ్రిటిష్‌వారి మీద కసి రెండూ ఉన్నాయి. 1948 యుద్ధం తర్వాత ఉద్యోగాలు ఊడాయి, అరెస్టులు మొదలయ్యాయి. 1950లో పౌరసత్వం వదులుకుంటే వెళ్లవచ్చని చట్టం చేశారు. జనం పేర్లు రాయించుకున్నాక, 1951 మార్చిలో వాళ్ల ఆస్తులు స్తంభింపజేశారు. లక్షకు పైగా మనుషులు దాదాపు కట్టుబట్టలతో విమానమెక్కారు. పాత జిమ్మీ శాస్త్రంలో కూడా ఆస్తికి రక్షణ ఉండేది. ఈ పని చేసింది ఆధునిక జాతీయ ప్రభుత్వం.

ప్రశ్న: మన హైదరాబాదుకు యూదులతో పాత సంబంధం ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ఒక చిత్రమైన సంబంధం ఉంది. ఇరాన్‌లోని కాషాన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, ఇస్లాం తీసుకుని, వ్యాపారిగా సింధుకు వచ్చి, అక్కడ అభయ్‌చంద్ అనే కుర్రాడి మీద ప్రేమతో సర్వం వదిలి దిగంబరిగా తిరిగిన సర్మద్ కవి, 1647లో కుతుబ్‌షాహీల హైదరాబాదులో ఉన్నాడు. మతాల మీద పారశీకంలో వచ్చిన ‘దబిస్తాన్’ గ్రంథకర్త ఆయనను ఇక్కడే కలిసి యూదు మతం గురించి అడిగి తెలుసుకున్నాడు. సర్మద్ దగ్గర చదువుకున్న అభయ్‌చంద్ పారశీకంలోకి తెచ్చిన తోరా (యూదుల పవిత్రగ్రంథం) భాగం కూడా ఆ పుస్తకంలో ఉంది. తర్వాత సర్మద్ ఢిల్లీ వెళ్లి, సింహాసనం కోసం ఔరంగజేబుతో పోరాడి ఓడిన అన్న దారా షికోకు ఆప్తుడయ్యాడు. ఔరంగజేబు కాలంలో తల తీశారు. అయితే అప్పటికి ఆయన యూదుడిగా విచారణకు నిలబడలేదు. మతం తప్పిన ముస్లిం అన్న నేరం మీద చంపారు. దారా స్నేహితుడు కావడం అంతకంటే పెద్ద నేరం. కాబట్టి ఈ మరణాన్ని యూదుల పద్దులో రాసుకోకండి. అది మొఘల్ దాయాదుల పద్దు.