భుజం నొప్పి ఉన్న నాన్నగారికి ఏ రైఫిల్, ఏ తూటా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మహారాష్ట్రలో గోండ్‌పిపరీ దగ్గర మీ పత్తి, కంది చేలను పందులు పాడుచేస్తున్నాయి. నాన్నగారికి పంట రక్షణ కోసం లైసెన్సున్న పాత జోడుగొట్టాల పన్నెండు బోరు తుపాకీ ఉంది. 68 ఏళ్ళ వయసులో కుడి భుజానికి ఆపరేషన్ అయ్యాక, కాల్చినప్పుడు అది వెనక్కి తంతే తట్టుకోలేకపోతున్నారు. .243, 6.5 క్రీడ్‌మూర్ రైఫిళ్ళు తక్కువ తంతాయని ఎవరో చెప్పారు. ఏది కొనాలి, ఏ తూటా వాడాలి?

చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. .243 విన్‌చెస్టర్ 1955లో, 6.5 క్రీడ్‌మూర్ 2007లో అమెరికాలో వచ్చాయి. అక్కడ జింకల వేటకు పిల్లల చేతికి ఇచ్చే మొదటి రైఫిల్ చాలా ఇళ్ళలో .243 నే. దాని గుండు ఆరున్నర గ్రాములుంటుంది. ఒకే బరువున్న తుపాకుల్లో పోల్చితే దాని తన్ను .30-06 అనే పెద్ద రైఫిల్ తన్నులో దాదాపు సగం. క్రీడ్‌మూర్ ఆ రెండింటి మధ్యలో ఉంటుంది. అయితే అవి రాజురాలోనూ, నాగపూర్‌లోనూ మీకు దొరకవు. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది, పేరున్న పోటీ షూటర్లకే మినహాయింపు. కాబట్టి ఆ రెండు పేర్లూ మరచిపోండి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మాది రాజురా తాలూకా, వార్ధా నదికి ఇవతలి ఒడ్డు. నిజాం కాలంలో ఇదంతా ఆదిలాబాద్ జిల్లా. తాతగారికి అప్పటి నుంచీ ఒక .275 రైఫిల్ ఉండేది. మౌజర్ వారి 7×57 తూటాకే ఇంగ్లండువారు పెట్టుకున్న పేరది. 1907లో చంపావత్ పులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమానంగా ఇచ్చిందీ .275 రిగ్బీయే. తన్ను ఎంత మెత్తగా ఉంటుందంటే, పదహారేళ్ళప్పుడు నేను కాల్చినా భుజం కందలేదు. తాతగారి తర్వాత నాన్న పేరు మీదికి, నాన్న తర్వాత నా పేరు మీదికి వచ్చింది. తుపాకీ వచ్చింది సరే, తూటాలేవీ? డబ్బా అడుగున పచ్చటి కిలుం పట్టినవి పదకొండు మిగిలాయి. కొత్తవి ఏ దుకాణంలోనూ లేవు. ఉన్నవాటిలో ఒకటి పరీక్షగా కాల్పులు సాధన చేసే రేంజిలో రైఫిల్‌లో పెట్టి మీట నొక్కితే టిక్కుమని ఊరుకుంది. బోల్టు (తూటాను గొట్టంలో మూసి ఉంచే కడ్డీ) తెరవబోయాను. పక్కన ఉన్న మేనమామ, సైన్యంలో చేసి వచ్చినవారు, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గొట్టం మట్టి దిబ్బ వైపే ఉంచి అర నిమిషం ఆగమన్నారు. మూడు నాలుగు సెకన్లకు తూటా తనంతట తాను పేలింది. బోల్టు తెరిచి ఉంటే ఈ జవాబు రాయడానికి నాకు కళ్ళుండేవి కావు. మిగిలిన పదింటినీ లైసెన్సున్న డీలరుకు అప్పగించి వచ్చాము.

అందుకే మీకు నేను చెప్పే వరస ఇది: ముందు దుకాణంలో తాజా తూటా ఏది దొరుకుతుందో చూడండి, ఆ తర్వాత తుపాకీ చూడండి. మన దేశంలో లైసెన్సుదారుకు ఆ లెక్కన మిగిలేవి కొద్దే. పన్నెండు బోరు ఒకటి. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే .315, .30-06, .22 స్పోర్టింగ్ రైఫిళ్ళు మరికొన్ని. (సైన్యం వాడే .303 పౌరుల చేతిలోకి వెళ్ళకూడదని బ్రిటిష్‌వారు అనుకోవడం వల్లనే .315 మన దగ్గర ఇంత పాతుకుపోయింది. .303 ఇప్పటికీ నిషిద్ధ బోరే, అంటే మామూలు లైసెన్సు మీద ఇవ్వనిది.) 2021 అక్టోబరులో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు ఏడు కంపెనీలయ్యాక బిల్లు మీద పేరు మారింది గాని సరుకు అదే.

.315 మెత్తటి రైఫిలని ఎవరైనా చెబితే నమ్మకండి. గుండు బరువు పదహారు గ్రాములకు దగ్గర, తన్ను .30-06 కు దగ్గర దగ్గరగానే ఉంటుంది. బరువైన తూటా వేసిన పన్నెండు బోరు కంటే మాత్రం నయం. కొంటే ముక్కు మెత్తగా ఉండే సాఫ్ట్ నోజ్ తూటాలే కొనండి. పూర్తిగా లోహపు తొడుగున్న గుండు జంతువు ఒంట్లోంచి దూసుకుపోయి అవతల ఏం తగులుతుందో చెప్పలేము, జంతువు గాయంతో తప్పించుకుంటుంది కూడా. .22 అయితే తన్నదు, నిజమే. కాలేజీలో ఎన్‌సీసీలో నేను నేర్చుకున్నది దాని మీదే. అయినా పందికి అది చాలదు. గాయపడిన మగపంది కందిచేలో దాక్కుంటే మరునాడు పొద్దున్నే పత్తి ఏరడానికి వచ్చే ఆడవాళ్ళ మీద పడుతుంది. .22 ను కాగితం బొమ్మ మీద చెయ్యి కుదురుకోవడానికి ఉంచుకోండి.

నన్నడిగితే నాన్నగారు ఉన్న తుపాకీతోనే ఉండవచ్చు. తన్నేది తుపాకీ ఒక్కటే కాదు, అందులో వేసిన తూటా బరువు కూడా. 36 గ్రాముల గుళ్ళున్న తూటాకు బదులు 28 గ్రాములది వేస్తే తన్ను మూడో వంతుకు పైగానే తగ్గుతుంది. పందులను తరమడానికి చప్పుడే కదా కావలసింది, దానికి ఇది చాలు. ఎస్‌జీ, ఎల్‌జీ లాంటి పెద్ద గుళ్ళ తూటాలు నిజంగా కాల్చవలసిన రోజుకే ఉంచండి. తుపాకీ బరువు రెండో సంగతి. ఒకే తూటాను 3 కిలోల తుపాకీలో కాకుండా 4 కిలోల తుపాకీలో కాలిస్తే తన్నే శక్తి నాలుగో వంతు తగ్గుతుంది. తేలికైనది మోయడానికి బాగుంటుందని ఎంచుకునేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. కుందా (భుజానికి ఆనించే చెక్క భాగం) వెనక మంచి రబ్బరు ప్యాడు వేయించండి. పొడవు సరిపోయిందో లేదో చూడడానికి మోచేతి మడతలో కుందా ఆనించి వేలు మీటకు హాయిగా అందుతోందా అని చూడండి. తాతగారి రైఫిల్ నాకు రెండు వేళ్ళు పొడవు. కుందా కోయించేదాకా ప్రతిసారీ భుజానికి బదులు కండ మీద తగిలేది. మా వారు నవ్వేవారు గాని కొలిచి చూసింది నేనే.

భయం సంగతి కూడా చెప్పాలి. ఒక రోజు మేనమామ నాకు తెలియకుండా తూటాల మధ్య ఖాళీ తొడుగులు కలిపి పెట్టారు. ఖాళీ దాని మీద మీట నొక్కగానే గొట్టం మూతి బెత్తెడు కిందికి దిగింది. తన్నూ లేదు, శబ్దమూ లేదు, నేనే ముందుగా ముడుచుకుపోయాను. చెవుల్లో దూది బదులు మంచి బిరడాలు పెట్టుకున్నాక సగం జంకు పోయింది. భుజం కంటే చెవే ఎక్కువ భయపడుతుందని అప్పుడు తెలిసింది. నాన్నగారితో ఇంట్లో ఖాళీ తుపాకీతో, రెండుసార్లు తెరిచి చూసుకున్నాకే, రోజూ పదిసార్లు మీట నొక్కించండి. తర్వాత క్లబ్బు రేంజికి తీసుకెళ్ళండి.

ఇక చట్టం. తుపాకీ లైసెన్సు వేట లైసెన్సు కాదు. 1972 వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది. పంటను నాశనం చేసే పందిని చంపాలంటే ఆ చట్టం 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. ముందు అటవీ రేంజి కార్యాలయంలో అర్జీ పెట్టండి. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి, మాంసం ఇంటికి తేకూడదు. నాకు రెండుసార్లు అనుమతి వచ్చింది. ఒకసారి కాల్చాను. రెండోసారి వెన్నెల్లో పంది స్పష్టంగా, నలభై గజాల్లో కనిపించింది గాని దాని వెనకే కూలీల గుడిసెల కప్పులు తెల్లగా కనిపించాయి. రైఫిల్ గుండు కిలోమీటర్ల దూరం పోతుంది, మన నేల బల్లపరుపు. మీట మీది నుంచి వేలు తీసేశాను. పంది తీరిగ్గా మేసి వెళ్ళింది. మరుసటి సంవత్సరం ఝట్కా మిషను కంచె (తగిలితే చంపకుండా షాకు మాత్రం కొట్టేది) వేశాము, దాని మీద పెట్టిన ఖర్చు ఏ తూటా మీదా పెట్టలేదు. కంచెను నేరుగా మెయిన్ లైను కరెంటుకు కలిపే పని మాత్రం చేయకండి, అది మనిషినీ చంపుతుంది.

ఇంకొకటి, నాన్నగారికి 70 నిండితే 2016 ఆయుధ నియమాల ప్రకారం తుపాకీని వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది ఆయన చేతిలో 25 ఏళ్ళు దాటి ఉంటే ఇప్పుడే పెట్టుకోవచ్చు. మీరు కాల్చగలిగితే ఆయన భుజానికి కొత్త రైఫిల్ వెతకనవసరం లేదు. ముందు ఆయన లైసెన్సు పుస్తకం తెరిచి తుపాకీ నమోదైన సంవత్సరం ఎంతో చూడండి.