ఘీంకారంలో ‘ఘీం’ అంటే ఏంటి?

ప్రశ్న: ఏనుగు ఘీంకరించింది అంటాం కదండీ, మా పాప ‘ఘీం’ అంటే ఏంటమ్మా అని అడిగింది. డిక్షనరీ తీస్తే ఘీంకారం అంటే ఏనుగు అరుపు అని ఉంది అంతే. విడిగా ‘ఘీం’కి అర్థం ఉందా, ఆ ‘కారం’ ఏంటి?
— ఓ పాఠకురాలు

జవాబు: విడిగా అర్థమేం లేదండి, ఏనుగు చేసే చప్పుడునే అక్షరాల్లో పెట్టేశారు, ఇలాంటి వాటిని ధ్వన్యనుకరణ పదాలంటారు. ఒకసారి పైకి అని చూడండి, ‘ఘ’ దగ్గర గాలి గట్టిగా తన్నుకొస్తుంది, ‘ఈ’ ఎంతసేపైనా సాగుతుంది, చివర సున్నా దగ్గర పెదాలు మూసుకుపోయి శబ్దమంతా ముక్కులోంచి పోతుంది. ఏనుగు కూడా ఆ అరుపుని తొండంలోంచి గాలి ఊదే చేస్తుంది, తొండమంటే ముక్కూ పైపెదవీ కలిసిందే కదా, అందుకే ఈ మాట దానికి భలే అతికింది అనిపిస్తుంది నాకు.

ఇక కారం అనేది సంస్కృతంలో ‘కృ’ ధాతువు నుంచి వచ్చింది, చేయడం అని అర్థం. ఏదైనా శబ్దం పక్కన కారం చేరితే ఆ శబ్దం చేయడం అన్నమాట. తుమ్మెద ఝం అంటే ఝంకారం, కోపంతో హుం అంటే హుంకారం, జనం హాహా అని గోలపెడితే హాహాకారం. ధిక్ అంటే ఛీ అని, కాబట్టి ధిక్కారం అంటే అసలు ఛీ అనడమే, మనం రోజూ పెట్టే నమస్కారం కూడా ‘నమః’ అనడమే.

సంస్కృతంలో ఏనుగు అరుపుకి బృంహితం అని ఇంకో మాటుంది, అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులో ‘బృంహితం కరిగర్జితం’ అని కనిపిస్తుంది, కరి అంటే ఏనుగే. గుర్రానికైతే హేష, నెమలికైతే కేక, అందుకే నెమలిని కేకి అంటారు.

అచ్చతెలుగులో అయితే క్రియలు కూడా మారిపోతాయి, గాడిద ఓండ్ర పెడుతుంది, ఎద్దు రంకె వేస్తుంది, పాము బుస కొడుతుంది, గుర్రం సకిలిస్తుంది. దయచేసి పిల్లలకి అన్నిటికీ ‘అరిచింది’ అని నేర్పకండి, వాడకపోతే ఈ మాటలు నిజంగానే పోతాయి.

మీ పాపకి ఇంకోటి కూడా చెప్పండి, ఏనుగులు తొండంతో ఘీంకరించడమే కాదు, గొంతులోంచి 20 హెర్ట్జ్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో కూడా శబ్దం చేస్తాయి, అది మన చెవికి అందదు గానీ కిలోమీటర్ల దూరంలో ఉన్న ఏనుగులకి వినపడుతుంది.